చేతిలో ఒకటి

పద్యాలకూ వ్యాకరణానికీ అలవాటు పడిన మిత్రులు ఈ పుటలో కూడికలను చూసి ముక్కున వేలు వేసుకోవచ్చు. తెలుగు పండితుడికి ఎనిమిదీ ఐదూ ఎంత అనే ప్రశ్న మీద ఇంత టపా ఎందుకని అడగవచ్చు. ఉద్యోగ విరమణ తరువాత సాయంకాలం వేళ మా వీధి పిల్లలు నలుగురైదుగురు తెలుగు చదువుకోవడానికి మా అరుగు మీదికి వస్తున్నారు. వారి సంచులలో తెలుగు వాచకం ఒకటుంటే లెక్కల పుస్తకాలు మూడుంటాయి. గుణింతాలు పూర్తయ్యేసరికి అవి బయటికి వస్తాయి. అట్లా రెండేళ్ళుగా ఒకటవ, రెండవ, మూడవ తరగతుల కూడికలను దగ్గరగా చూస్తున్నాను. చూసిన కొద్దీ ఇది నా శాస్త్రానికి అంత దూరమైనది కాదని తోస్తున్నది.

అక్షరాలు వచ్చిన పిల్లవాడు మొదట ‘క’, ‘మ’, ‘ల’ అని విడివిడిగా పలికి, ఆ పైన ‘కమల’ అంటాడు. దీనినే కూడబలుక్కొని చదవడం అంటాము. కొన్నాళ్ళకు ఆ మాట కంట పడగానే నోట పలుకుతుంది. అప్పుడే మనసు వాక్యార్థం మీదికి పోతుంది. అక్షరాల దగ్గరే పెనుగులాడే పిల్లవాడికి వాక్యం చివరికి చేరేసరికి మొదలు గుర్తుండదు. కూడికల సంగతీ అంతే. ఎనిమిది గీతలు గీసి, పక్కన ఐదు గీతలు గీసి, మొదటినుంచీ అన్నింటినీ లెక్కపెట్టి పదమూడు అని చెప్పే పాప తప్పు చెప్పడం లేదు. కూడబలుక్కొంటున్నది, అంతే. ఒకటవ తరగతిలో అది ముచ్చటగానే ఉంటుంది. మూడవ తరగతికి వచ్చినా అక్కడే నిలిచిపోతే, ముప్పై ఎనిమిదికి ఇరవై ఐదు కలపమన్న రోజున చిక్కు మొదలవుతుంది.

ఆ లెక్కను మన బడులలో ఎట్లా చెప్పేవారో గుర్తు చేసుకోండి. “ఎనిమిదీ ఐదూ పదమూడు, మూడు వేసి చేతిలో ఒకటి.” ఎంత చక్కని నుడికారం! కాని ఆ చేతి వేళ్ళన్నీ తొమ్మిది, పది, పదకొండు అంటూ మడుచుకొని ఉంటే, ఆ ఒకటికి చేతిలో చోటెక్కడ? అది జారిపోతుంది. పాప యాభై మూడు వ్రాస్తుంది. దిద్దేవారు పదుల స్థానం రాలేదని అనుకొని, పదుల స్థానాన్నే మళ్ళీ మళ్ళీ చెబుతారు. రానిది పదుల స్థానం కాదు. ఎనిమిదీ ఐదూ తెలిసి ఉండకపోవడం వల్ల, పదుల స్థానాన్ని పట్టించుకొనే తీరిక మనసుకు లేదు.

గ్రామీణ ప్రాంతాల పిల్లల చదువును ఇంటింటికీ వెళ్ళి పరీక్షించే అసర్ నివేదికల ప్రకారం, దేశంలో మూడవ తరగతి పిల్లలలో రెండంకెల తీసివేత చేయగలిగినవారు 2022లో 25.9 శాతం, 2024లో 33.7 శాతం. ఆ తీసివేతలో పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకొన్నాక మిగిలే పని పదమూడులో ఎనిమిది తీయడం వంటిదే. మిగిలిన కారణాలు ఎన్నో ఉంటాయి, కాదనను. అరుగు మీద నాకు కనబడే కారణం మాత్రం ఇదే.

విచిత్రమేమంటే కూడికను నేర్పవలసిన విషయంగా మనవాళ్ళు ఏనాడూ ఎక్కువగా పట్టించుకోలేదు. నేను చదువుకొన్న బడిలో ఎక్కాలు ఇరవై దాకా వల్లె వేయించేవారు. అవి గుణకారానివి. కూడికకు వల్లె లేదు, అది దానంతట అదే వస్తుందని నమ్మకం. ఈ నమ్మకం పాతదే. తొమ్మిదవ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఎనిమిది పరికర్మలు చెప్పాడు. మొదటిది గుణకారం. సంకలితం అన్న పేరు ఆ పట్టికలో ఉన్నది కాని, అది శ్రేఢుల మొత్తానికి సంబంధించినది. మనం చేసే మామూలు కూడికకు అక్కడ చోటు లేదు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. అది పెద్దలకోసం వ్రాసిన శాస్త్రం కనుక తప్పు పట్టను. కాని ఆ తీరు ఒకటవ తరగతి దాకా దిగివచ్చింది. కూడిక అంటే ఏమిటో చెప్పడం, ఆ వెంటనే పది లెక్కలు ఇచ్చి చేసుకురమ్మనడం, మధ్యలో ఏమీ లేకపోవడం.

మధ్యలో ఉండవలసినది ఎంత? ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలను జతలుగా కలిపితే 81 కూడికలు. పిల్లలకు అది కొండ. చిన్నయసూరి బాలవ్యాకరణం చదువుకొన్నవాడికి మాత్రం కొండను చూడగానే సూత్రం ఏదని వెతకబుద్ధి అవుతుంది. మూడూ ఐదూ ఎంతో ఐదూ మూడూ అంతే కనుక 81 కాస్తా 45 అయింది. ఒకటి కలపడమంటే తరువాతి అంకె చెప్పడమే, అది లెక్కపెట్టడం వచ్చిన ప్రతివారికీ వచ్చు. 9 పోయి 36 మిగిలాయి. రెండూ రెండూ, మూడూ మూడూ వంటి జంటలు పిల్లలు ఆటలోనే పట్టుకొంటారు. అవి 8. ఇక 28. పదిని పూర్తి చేసే జతలలో కొత్తవి 3: రెండూ ఎనిమిదీ, మూడూ ఏడూ, నాలుగూ ఆరూ. 25. రెండు కలిపేవి 6 తీసేస్తే 19. తొమ్మిదికి కలిపేవి మిగిలినవి 6, ఎనిమిదికి కలిపేవి 5. ఈ రెండు గుంపులకూ ఒకటే ఉపాయం, చెబుతాను. అవి పోగా 8. వాటిలో మూడూ నాలుగూ, నాలుగూ ఐదూ, ఐదూ ఆరూ, ఆరూ ఏడూ జంటల పక్కింటివారు. ఆరూ ఆరూ పన్నెండైతే ఆరూ ఏడూ ఇంకొకటి ఎక్కువ. చివరికి ఏ సూత్రానికీ సరిగా లొంగక మిగిలేవి నాలుగే: మూడూ ఐదూ, మూడూ ఆరూ, నాలుగూ ఏడూ, ఐదూ ఏడూ. వ్యాకరణంలో ఇట్టివాటిని నిపాతాలంటాము. వాటికి వల్లె వేయడమే శరణ్యం. నాలుగింటిని వల్లె వేయలేని పిల్లలుంటారా?

ఇక తొమ్మిది, ఎనిమిదుల ఉపాయం. నా అసలు కష్టమూ, నా అసలు సంతోషమూ ఇక్కడే ఉన్నాయి.

ఎనిమిది పది కావడానికి ఎంత కావాలి? రెండు. ఐదులోంచి ఆ రెండూ ఇచ్చేస్తే మిగిలింది మూడు. పదీ మూడూ? పదమూడు. చివరి అడుగును గమనించండి. తెలుగులో అది అడుగే కాదు. పదీ మూడూ అనడమూ పదమూడు అనడమూ ఒకటే. ప్రశ్న పలికేసరికే సమాధానం వచ్చేసింది. పదునాలుగులో నాలుగు, పదహారులో ఆరు, పదిహేడులో ఏడు, పద్ధెనిమిదిలో ఎనిమిది, పందొమ్మిదిలో తొమ్మిది పైకే వినబడుతున్నాయి. పదకొండులోని ‘ఒండు’ ఒకటికి పాత రూపం. పదిహేను పాత కావ్యాలలో పదునేను, ‘ఏను’ అంటే ఐదు. పన్నెండులో రెండు కొంచెం ముసుగు వేసుకొన్నదే కాని దాగలేదు. మా అరుగు మీద ఒక పిల్లవాడు పదిహేడులో ఆ ‘హ’ ఎక్కడిదని అడిగాడు. రెండు అచ్చులు ఢీకొనకుండా మధ్యలో వచ్చి కూర్చున్నదని చెబితే, “అంపైరా తాతగారూ” అన్నాడు. ఇన్నేళ్ళు ఆగమాదేశాలు చెప్పిన నాకు ఇంత మంచి ఉపమానం తట్టలేదు.

తొమ్మిది మాట ఇంకా అందమైనది. తమిళులు ఒన్బదు అంటారు, కన్నడిగులు ఒంబత్తు అంటారు. ఒకటి తక్కువైన పది అని భాషాశాస్త్రజ్ఞులు వాటిని వివరిస్తారు. మన తొమ్మిదిలోనూ చివర ఉన్నది రూపు మారిన పదియే. అంటే తొమ్మిది అనే మాట పుట్టుకతోనే పది వైపు చూస్తూ ఉన్నది. తొమ్మిదికి ఆరు కలపాలంటే ఆ పక్కనే ఉన్న ఒకటిని ఇచ్చి దాని కోరిక తీర్చడమే. మిగిలింది ఐదు. పదిహేను.

ఇదే లెక్కను ఇంగ్లీషులో చెప్పి చూడండి. టెన్, త్రీ అని తెలిసిన తరువాత థర్టీన్ అనాలి. అందులో మూడు ముందుకు వచ్చింది, పది వెనక్కి పోయి రూపు మార్చుకొన్నది. ఇలెవెన్, ట్వెల్వ్ లలో పది జాడే వినబడదు. హిందీలో గ్యారహ్, బారహ్ సంస్కృత ఏకాదశ, ద్వాదశలనుంచి అరిగి అరిగి వచ్చినవి. ఉన్నీస్ అయితే ఇరవైకి ఒకటి తక్కువ అంటుంది. ఏ భాష గొప్పదన్న తగవు కాదిది. చైనా భాషలోనూ పది-ఒకటి, పది-రెండు అన్నట్లే ఉంటాయి. పది దాటిన సంఖ్యలను వరుసగా చెప్పడంలో అక్కడి పసిపిల్లలు అమెరికా పిల్లలకంటె తక్కువ తడబడతారని 1980లలోనే పరిశోధకులు గమనించారు. అంత మాత్రాన భాషే అంతా చేసిపెడుతుందని నేను అనను. తెలుగు మాధ్యమంలో చదివి గీతలు గీసుకొన్నవారు మన తరంలో కావలసినంత మంది. నిచ్చెన గోడకు ఆనించి ఉన్నా ఎక్కించేవారు కావాలి. ఇప్పుడు ఆ నిచ్చెనే తీసేస్తున్నాము.

మీ ఇండ్లలోనూ జరిగే ఉంటుంది. పిల్లవాడిని దుకాణానికి పంపి నలభై ఏడు రూపాయలు ఇవ్వమంటే, “ఫార్టీ సెవెనా?” అని అడుగుతాడు. మా అరుగు మీదికి వచ్చే పిల్లలలో ఇద్దరికి పది దాటిన తరువాత తెలుగు సంఖ్యలే తెలియవు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులలో 2020 నుంచి ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి, ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు. మంచి ఆలోచనే. కాని రెండు పుటలలోనూ అంకె ఒకే తీరున ఉంటుంది. అంకెను ఏ మాటతో పలికిస్తున్నామన్నది పుస్తకం చేతిలో లేదు, పంతులు నోటిలో ఉంది.

మా పిల్లలలో మూడవ తరగతి చదివే ఒక పాప ఉన్నది. ఇంగ్లీషు బడి. తల్లి ఇంటిలో రవికలు కుడుతుంది. ఒకనాడు ఆమె అరుగు దగ్గరికి వచ్చి, “మాస్టారూ, శుక్రవారం వస్తే చాలు, దీనికి కడుపునొప్పి. డాక్టరుగారు ఏమీ లేదంటున్నారు” అన్నది. శుక్రవారం ఏమిటని అడిగితే పాప నేల చూపులు చూసింది. బడిలో ఆనాడు వేగ పరీక్ష, ఐదు నిమిషాలకు యాభై కూడికలు. మార్కులను బల్ల మీద వరుసగా వ్రాస్తారట. పాపకు ఎప్పుడూ ఇరవై దాటలేదు. వేళ్ళు చూపితే టీచరమ్మ కోప్పడతారని, గౌను కింద కాలివేళ్ళు కదుపుతూ లెక్కపెట్టుకొంటున్నది. ఈ మాట చెప్పి ఆ పిల్ల ఏడవలేదు. నాకే గొంతు పట్టుకొన్నది.

వేళ్ళను నిషేధించడం వలన వేళ్ళు మాయం కావు, చాటుకు పోతాయి. 1935లో అమెరికాలో బ్రౌనెల్, చజాల్ అనే ఇద్దరు మూడవ తరగతి పిల్లలకు కూడికలను పదే పదే సాధన చేయించి చూశారు. పిల్లలకు వేగం పెరిగింది కాని, చేసే పద్ధతి చాలామందిలో మారలేదు. లెక్కపెట్టుకొనేవారు ఇంకా త్వరగా లెక్కపెట్టుకొన్నారు. గడియారం పెట్టి పరుగెత్తిస్తే జరిగేది ఇదే. అట్లాగని కంఠస్థం పనికిరాదనే నేటి వాదాన్నీ ఒప్పుకోను. పద్యం అర్థం తెలిసి కంఠస్థమైతే జీవితాంతం తోడుంటుంది. వేదపాఠంలో జట అనే పద్ధతి ఉన్నది. రెండు పదాలను ముందుకు, వెనక్కు, మళ్ళీ ముందుకు చదువుతారు. ఎనిమిదీ ఐదూ పదమూడు, ఐదూ ఎనిమిదీ పదమూడు, పదమూడులో ఐదు తీస్తే ఎనిమిది, ఎనిమిది తీస్తే ఐదు. ఇట్లా నాలుగు వైపులా తిప్పితే అది ఎటు తోసినా పడదు. కాని ముందు అర్థం, ఆ పైన వల్లె. వరుస తప్పితే రెండూ చెడతాయి.

పాపతో మొదట ఏ లెక్కా చేయించలేదు. మా ఇంటి పాత వామనగుంటల పీట దింపాను. దానికి రెండు వరుసలలో ఏడేసి గుంటలు. ప్రతి వరుస చివరా రెండు గుంటలను కాగితం అంటించి మూసేస్తే మిగిలినవి ఐదేసి, మొత్తం పది. గుంటకొక చింతపిక్క. ఏడు పిక్కలు వేసి క్షణం చూపి మూసి ఎన్ని అంటే, పాప వారం రోజులలోనే లెక్కపెట్టకుండా చెప్పసాగింది. పై వరుస నిండింది కనుక ఐదు, కింద రెండు. ఖాళీలు మూడు. ఏడుకు మూడు కావాలన్నది ఆమె కంటికే తెలిసింది, నేను చెప్పలేదు. ఎనిమిది వేసి, మరొక ఐదు చేతికిస్తే, రెండు గుంటలలో రెండు పడి మూడు అరచేతిలో మిగిలాయి. “పదీ, మూడూ” అన్నది. “కలిపి చెప్పు తల్లీ” అన్నాను. కొంచెం ఆగి, “పదమూడు!” అన్నది. ఆ మాటను ఆమె అంతకు ముందు విన్నదే. లోపల పదీ మూడూ ఉన్నాయని ఆనాడే విన్నది. “మరి థర్టీన్ లో ఎందుకు లేవు తాతగారూ?” అని అడిగింది. అందులోనూ ఉన్నాయమ్మా, తలుపు వేసుకొని ఉన్నాయి అన్నాను.

రెండవది పాత ఆటే. చింతపిక్కలను పగులగొట్టి ఒక వైపు అరగదీస్తే ఆ వైపు తెల్లగా, రెండవ వైపు నల్లగా ఉంటుంది. పల్లెలలో వీటిని పాచికలుగా వాడతారు. పదింటిని గుప్పిట పట్టి విసరాలి. తెల్లవి ఆరు పడితే, నల్లవి లెక్కపెట్టకుండా ఎన్నో చెప్పాలి. పదిని రెండుగా విరిచే జతలన్నీ ఈ ఆటలోనే వచ్చేస్తాయి. ఓడితే పోయేది ఒక చింతపిక్క. గోడ మీద పేరు వ్రాసేవారు లేరు.

రోజుకు పది నిమిషాలే. కొత్త జతలు వారానికి రెండో మూడో, పాతవి వాటి మధ్య మధ్య. గడియారం లేదు. పాప చెప్పేముందు కళ్ళు పైకెత్తితే ఇంకా కూడబలుక్కొంటున్నదని, నన్ను చూస్తూ చెబితే వచ్చేసిందని నా కొలత. వేళ్ళు కావాలంటే బల్ల మీద పెట్టుకోమన్నాను. ఏడు తరువాత ఐదు లెక్కపెట్టేటప్పుడు ఏడును మనసులో ఉంచుకొని ఎనిమిది నుంచి మొదలుపెట్టడం కూడా ఒక మెట్టే కదా. మెట్టు ఎక్కుతున్న పిల్లను ఎందుకు తోయాలి? కార్తికంలో మొదలుపెట్టాము, సంక్రాంతి తరువాత వేళ్ళు వాటంతట అవే దిగిపోయాయి. పదమూడులోంచి మూడును కాగితం మీద వేసి, రెండవ చేయి పైకెత్తి మూసిన గుప్పిట చూపుతుంది. అందులో ఒకటి ఉన్నదట.

బడిలో శుక్రవారపు పరీక్ష ఇంకా ఉన్నది. పాపకు ముప్పై ఎనిమిది వచ్చాయి ఒకసారి, ముప్పై ఒకటి ఇంకొకసారి. ముప్పై ఒకటి వచ్చిన వారం కడుపునొప్పి మళ్ళీ వచ్చిందని తల్లి చెప్పింది. పన్నెండుకు పైన జతలు చెప్పేటప్పుడు ఆమె లోలోపల తెలుగులో కలిపి, ఇంగ్లీషులో వ్రాసుకొంటున్నది. అది ఒక క్షణం ఆలస్యమే. ఆ క్షణానికి నా దగ్గర మందు లేదు. వ్రాత అంకెలలోనే కదా, నోటితో ఏమీ పలకకుండా వ్రాయమని చెప్పి చూస్తున్నాను.

ఆ నాలుగు నిపాతాలలో ఐదూ ఏడూ మాత్రం మొండికేసింది. ఎన్నిసార్లు వల్లె వేసినా పదకొండనో పదమూడనో వచ్చేది. మొన్న తానే ఒక దారి వెతుక్కొన్నది. ఏడులో రెండు ఐదు మీద పడేస్తే ఏడూ ఐదూ అయి మళ్ళీ మొదటికే వస్తుందని నవ్వి, ఏడును ఐదూ రెండూ చేసి, ఐదూ ఐదూ పది, పదీ రెండూ పన్నెండు అన్నది. వామనగుంటల పీట మీద రెండు నిండు వరుసలు కనబడ్డాయట. అయితే నిపాతాలు నాలుగు కాదు, మూడు. మీ ఇండ్లలో పిల్లలెవరైనా నాలుగూ ఏడూకు ఇట్టి దారి కనిపెట్టి ఉంటే దయచేసి తెలుపగలరు. పాపకు చెబుతాను.